డాక్టరు గారు బోర్డు మీద ఉన్నారు

వైద్యో నారాయణో హరిః అన్న మాటకు అసలు అర్థం నాకు ఈ మధ్యే తెలిసింది. ముహూర్తం దగ్గరపడిన మేనకోడలికి తోడుగా హైదరాబాదులో ఒక స్కిన్ క్లినిక్కుకు వెళ్లాను. నారాయణుడు వైకుంఠంలో ఉంటాడు, మన పని నామస్మరణతో జరిగిపోతుంది. డాక్టరు గారూ అంతే, బోర్డు మీద ఉంటారు. లోపల సూది పట్టేది సిస్టరు.

దీన్ని తప్పుపట్టేవాళ్లకు ప్రగతి అంటే గిట్టదు. ఇదే సిస్టరు సర్కారు దవాఖానా వార్డులో ఉంటే, కేస్‌షీట్‌లో డాక్టరు రాయందే జ్వరం బిళ్ల ఇవ్వడానికి కూడా జంకుతుంది. ఇస్తే సంజాయిషీ. ఉద్యోగం మారి, ఏసీ గదిలో తెల్లకోటు తొడిగిందా, కంటికి అంగుళం దూరంలో ఫిల్లరు, అదే ముఖంలో గుంటలూ ముడతలూ పూడ్చే జెల్, ఎక్కించేస్తుంది. 'సిస్టర్' పోయి 'డాక్టరమ్మా' వస్తుంది. మూడేళ్ల జీఎన్ఎం నర్సింగు కోర్సు నేర్పని విద్యను ఒక్క కోటు నేర్పేటప్పుడు మెడికల్ కాలేజీలకు అన్నేసి ఎకరాలు ఎందుకు? నాలుగు టైలరింగ్ షాపులు చాలవూ?

ఈ శుభకార్యానికి 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ అడ్డుపుల్ల వేసింది. జుట్టు నాటడంతో సహా సౌందర్య చికిత్సలు శస్త్రచికిత్సలో పద్ధతిగా శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలట. వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసింది చాలదట. యూట్యూబ్ చూసి గోంగూర పచ్చడి చేసుకుంటున్న జాతికి ఎంత అవమానం!

పాపం ఫిల్లరుకు మాత్రం ఎవరి చెయ్యో తెలియదు. దారితప్పి ధమనిలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. ముక్కు మీదో కనుబొమల మధ్యో అయితే చూపే పోవచ్చు. హైలురోనిక్ ఆసిడ్ రకమైతే కరిగించే మందు హైలురోనిడేజ్ ఉంటుంది. అది ఉందా అని ఫ్రిజ్ తెరిపించాను. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాల్సిన, ముడతలు తగ్గించే బొటాక్సు సీసా ఉంది. దానికి తోడు ఎవరిదో పెరుగన్నం డబ్బా ఉంది. నేనడిగిన మందు లేదు.

పల్లెలో ఆర్ఎంపీ సూది వేస్తే నకిలీ డాక్టరని పేపర్లో ఫొటో వేస్తాం. ఆయన భయపడి 'ప్రథమ చికిత్స కేంద్రం' అని బోర్డు పెట్టుకుంటాడు. నగరవాసులకూ ఈ సౌకర్యం కల్పించి, 'ప్రథమ సౌందర్య కేంద్రం' అని రాసుకోనివ్వాలని ప్రభుత్వానికి నా మనవి. ద్వితీయ చికిత్సకు ఎలాగూ పెద్దాసుపత్రి ఉంది కదా.

ఆ అమ్మాయిని తిట్టడానికి మాత్రం నోరు రాలేదు. జీతం నర్సుది, పని డాక్టరుది, బిల్లు ఓనరుది. చెయ్యనంటే రేపటి నుంచి రానక్కర్లేదంటారు. చేశాక తేడా వస్తే, సూది ఎవరి చేతిలో ఉందని అడుగుతారు.

"డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?" అన్నాను.

"ఏమైనా అయితే వస్తారు సార్" అంది, దూదిని స్పిరిటులో ముంచుతూ.