స్టీరింగ్ వణుకు గారి సముఖమునకు ఒక విన్నపం

మహారాజశ్రీ స్టీరింగ్ వణుకు గారికి,

విజయనగరం నుంచి, పద్నాలుగేళ్లు నిండిన ఒక కారుకు రెండో యజమానినైన నేను నమస్కరించి వ్రాసుకున్న విన్నపము. ఆర్‌సీలో పేరు నాదే అయినా ఆ కారులో నాకంటే ముందు నుంచీ, నాకంటే ఎక్కువ హక్కుతో కాపురం ఉంటున్నది తమరే. క్షేమమా అని అడగడం మర్యాద కోసమే గాని, తమ క్షేమం నా రెండు అరచేతులకూ రోజూ తెలుస్తూనే ఉంది.

ముందుగా తమ సమయజ్ఞానాన్ని మెచ్చుకోవాలి. కారు చూపించిన బ్రోకరు గారు దానిని కోట దగ్గర నుంచి మూడు లాంతర్ల వరకు తీసుకువెళ్లి, గంటస్తంభం మీదుగా వెనక్కి తెచ్చారు. ఆ దారిలో ఆటోలు, తోపుడు బళ్లు, ఆవులు కలిసికట్టుగా కరుణించినా స్పీడోమీటరు ముల్లు ముప్పై దాటదు. అంతసేపూ తమరు కిమ్మనలేదు. డబ్బు చేతులు మారి, యాజమాన్యం మార్చే ఫారం 29 మీద, ఫారం 30 మీద సంతకాలు ఆరిన తరువాత, నాతవలస దగ్గర జాతీయ రహదారి 16 ఎక్కి శ్రీకాకుళం వైపు తిరిగి ఎనభై దాటించగానే కళ్లు తెరిచారు. ఇంటికి వచ్చి ఫోను చేస్తే బ్రోకరు గారు, "ఏటీ కాదు బాబూ, రోడ్డే అలాటిది" అన్నారు. ఆరు వరుసల రహదారి ఆ నిందను మౌనంగా భరించింది.

ఈ వ్యవహారంలో అబద్ధం ఆడనిది తమరొక్కరే అని మాత్రం ఒప్పుకోవాలి. ఎప్పుడు వస్తారు, ఎప్పుడు పోతారు అన్నదే తమ వాంగ్మూలం. ఎనభైకి మొదలై, తొంభైలో ముదిరి, ఆపైన కాస్త నెమ్మదిస్తే ముందు చక్రాల బ్యాలెన్స్ తప్పిందని, అంటే చుట్టూ బరువు సమానంగా లేదని, తమరు చెబుతున్నట్టు. చిన్న కారు చక్రం తొంభై వేగంలో సెకనుకు సుమారు 14 చుట్లు తిరుగుతుంది. పద్నాలుగు అంగుళాల రిమ్ము అంచున బ్యాలెన్స్ కోసం అంటించిన 20 గ్రాముల బరువు ఏ గోతిలోనో ఊడిపడితే, ఆ కొరత చక్రాన్ని దాదాపు మూడు కిలోల బలంతో, సెకనుకు 14 సార్లు దిక్కు మార్చి లాగుతుంది. ఆ లాగుడే స్టీరింగ్‌లోకి ఎక్కి నా చేతికి అందుతుంది. అలా కాకుండా ముప్పై నలభై వేగంలోనే స్టీరింగ్ అటూ ఇటూ తూలితే బ్యాలెన్సింగ్ జోలికి పోనక్కరలేదు. టైరు పక్కన పొంగిందో, రిమ్ము వంగిందో చూసుకోవాలి. వణుకు చేతులకు కాక సీటు కింద తెలిస్తే అది వెనుక చక్రాల వ్యవహారం. ఆగి ఉన్న బండిలో ఇంజన్ తిరుగుతుండగా వణికితే ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులను అనుమానించాలి గాని, పాపం, చక్రాలను అనకూడదు.

ఇంత విడమరచి చెప్పే సాక్షిని మా ఊళ్లో ఎవరూ ప్రశ్నించరు. షెడ్డుకు వెళితే "ఏ మోడల్?" అని అడుగుతారు గాని "ఎప్పుడు?" అని అడగరు. మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుల వారి కారును తమ బంధువొకరు ఆవహించినప్పుడు మొదట ఎలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేశారు. ఎలైన్‌మెంట్ సరిగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. తొంభైలో వచ్చే వణుకుకు దానితో సంబంధం తక్కువ. కాని ఎలైన్‌మెంట్ మిషను ఎరుపు, పచ్చ అంకెలతో ఒక కాగితం ఇస్తుంది, కాగితం ఇచ్చే వైద్యం మీద మనవారికి గురి ఎక్కువ. ఆ తరువాత స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు మార్చారు, ఆ తరువాత చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు మార్చారు. కారును జాకీ మీద లేపి, చక్రాన్ని కుడి ఎడమలుగా పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి, పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింటు, బేరింగు సంగతి రెండు నిమిషాలలో తేలేది, ఊపకుండానే మార్చారు. టైరు వయసు నాలుగు అంకెలలో దాని పక్కనే ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. దానిని ఎవరూ వంగి చదవలేదు. బిల్లు మాత్రం అందరూ చదివారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఏడాదికి ఒకసారి కదిలితే జిల్లా అంతా వచ్చి దండం పెడుతుంది. మాస్టారి స్టీరింగ్ రోజూ ఊగినా దండం పెట్టుకున్నది ఆయనొక్కరే.

ఇక తమ తమ్ముడి గురించి. అతడు వేగం చూసి రాడు, బ్రేక్ చూసి వస్తాడు. గజపతినగరం దాటాక గేదెల మంద రోడ్డెక్కితే నేను పెడల్ మీద కాలు వేస్తాను. వెంటనే స్టీరింగ్ గబగబా అటూ ఇటూ కొట్టుకుంటుంది, పెడల్ అరికాలిని వెనక్కి తోస్తుంది, గేదెలు మాత్రం నిమ్మళంగా చూస్తాయి. దీనికి షెడ్డులో ఒకే మాట: "డిస్క్ బెండ్ అయింది." చక్రంతో తిరిగే, బ్రేకు పట్టుకునే ఆ ఇనుప పళ్లెం చాలాసార్లు వంగదు; చుట్టూ ఒకే మందంలో అరగక, మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా వస్తుంది. ఆ తేడా కంటికి కనిపించదు, అరికాలికి తెలుస్తుంది.

మా కారు డిస్కు విప్పిన రోజున దగ్గరుండి చూశాను. మొదటి యజమాని కళింగపట్నం వైపు సముద్రపు గాలిలో ఉండేవారట. డిస్కు కూర్చునే హబ్ ముఖమంతా తుప్పు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. ఆ తుప్పును వైర్ బ్రష్‌తో గీకకుండా, దాని మీదనే కొత్త డిస్కు బిగించినా అది నిటారుగా కూర్చోదు. తిరిగిన ప్రతిసారీ, బ్రేకు వేస్తే దానిని నొక్కే ప్యాడ్‌ను రాసుకుంటూ, కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ మందం తేడా తెచ్చుకుంటుంది. నట్లను ఒకదాని పక్కన ఒకటిగా ఎయిర్ గన్‌తో బాదినా అదే గతి. ఎదురెదురు నట్లను మార్చి మార్చి పానాతో సమానంగా బిగించాలి. డిస్కు ఎంతవరకు అరగవచ్చో ఆ కనీస మందం దాని మీదనే పోతపోసి ఉంటుంది. లేత్ మీద టర్నింగ్ పట్టించి చదును చేయించే ముందు దానిని చదివి, మైక్రోమీటరుతో కొలవడం పద్ధతి. మేస్త్రీ గారు అంచు వెంట బొటనవేలు పోనిచ్చి, కళ్లు మూసుకుని, "ఇంకో ఏడాది వస్తాది బాబూ" అన్నారు. ఆ వేలికి వందో వంతులు కూడా తెలుస్తాయని అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. వేరే చోట కొలిపించి కొత్తవి వేయడానికే నిర్ణయించాను.

తమ మీద నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. తమరు గోల చేస్తారు కనుక ఇంట్లో, షెడ్డులో అందరూ తమ గురించే మాట్లాడతారు. మూత కింద కూర్చుని, ఏ శబ్దమూ చేయకుండా చెడిపోయే బ్రేక్ ఆయిల్‌ను అడిగేవారు లేరు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో, తిరుగు ప్రయాణంలో, న్యూట్రల్‌లో బ్రేక్ మీదనే దిగే కారులో ఆ వేడి సులువుగా వస్తుంది. ఆయిల్ ఆవిరి అవుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేల దాకా వెళుతుంది. ఆ క్షణం వరకు స్టీరింగ్ చేతిలో వెన్నలా ఉండవచ్చు. సాలూరు లారీ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగుతారు. కారువారు వారిని హారన్ కొట్టి దాటుకుని పోతారు.

మా కారులో ఆ ఆయిల్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. రెండేళ్లకు ఒకసారి మార్చవలసిన ఆ ద్రవం మొదటి యజమాని హయాంలో ఒక్కసారైనా మారిందనడానికి సర్వీసు పుస్తకంలో ఆధారం లేదు. అదే పుస్తకంలో వీల్ బ్యాలెన్సింగ్ మాత్రం పేజీ పేజీకీ ఉంది. ఎడమ ముందు చక్రం కుడిదానికంటే ఎక్కువ వేడెక్కుతోంది, అంటే ప్యాడ్లను నొక్కే కాలిపర్ జరగడానికి ఉన్న పిన్నులు పట్టేసి ఉండాలి. కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టరు బాగానే ఉంది: ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగింది. ఇవేవీ వణకవు.

వచ్చే ఏడాది పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకోవడానికి కారును తనిఖీకి నిలబెట్టాలి. ఆ ఆవరణలో తొంభై వేగం పుట్టదు కనుక తమరు మళ్లీ మౌనవ్రతం పడతారని తెలుసు. అందుచేత ముందుగానే వరుస నిర్ణయించాను. మొదట ఆయిల్ పూర్తిగా తీసి, కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించడం. తరువాత కాలిపర్ పిన్నులు. తరువాత హబ్ గీకి డిస్కులు, ప్యాడ్లు. వీటికి ఈ నెల జీతంలో తీసిపెట్టినది సరిపోతుంది, తమకు మిగలదు. ఇరవై గ్రాముల బరువు కోసం తమరు వచ్చే నెల వరకు ఆగవలసి ఉంటుంది. అంతవరకు ఎనభైకి పైన ఎంత కావాలంటే అంత వణకండి. నేను డెబ్బై దాటను.

ఇట్లు,
తమ కారుకు రెండో యజమాని,
విజయనగరం.