జైలు నేలమాళిగలో దొరికిన బిల్లు

పక్క మతం ఎలా పుట్టిందో ఒక పాస్టర్ తవ్వుతున్నాడంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, మాకూ వస్తుంది. అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం మారిసా అనే చిన్న ఊళ్లో ప్రెస్బిటేరియన్ పాస్టర్‌గా ఉన్న వెస్లీ వాల్టర్స్ అమెరికాలోనే పుట్టిన క్రైస్తవ శాఖ మార్మన్ల నమ్మకాన్ని ఒప్పుకునే మనిషి కాదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. అయినా ఆయన ఎక్కడ వెతికాడో చూడండి.

న్యూయార్క్ రాష్ట్రంలో పాల్మైరా దగ్గర ఉజ్జీవ సభలు, అంటే జనంలో భక్తి రగిలించి సంఘాల్లోకి చేర్చే కూటాలు, జోరుగా సాగుతుంటే, ఏ సంఘంలో చేరాలో తేలక 1820లో, 14 ఏళ్ల వయసులో, తోపులోకి వెళ్లి ప్రార్థిస్తే దర్శనమైందని మార్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పాడు. దర్శనం సంగతి ఏ రికార్డూ తేల్చలేదు. ఉజ్జీవం సంగతి వేరు: అది వస్తే సంఘంలో సభ్యులు పెరుగుతారు, పెరిగితే రిజిస్టర్లోకి ఎక్కుతారు. పాస్టర్ కాబట్టి వాల్టర్స్‌కు ఈ లెక్క తట్టింది. అక్కడి సంఘాల లెక్కలు తీసి, పెద్ద ఉజ్జీవం వచ్చింది 1824-25లో అని 1967లో రాశాడు. మార్మన్ పండితులు తిట్టి ఊరుకోలేదు, వాళ్లూ న్యూయార్క్ వెళ్లి పాత కాగితాలు తిరగేసి, ఊరొక్కటే చూస్తే ఎలా, చుట్టుపక్కల 1819-20లోనే ఉజ్జీవాలున్నాయి కదా అని 1969లో జవాబిచ్చారు. ఇలాంటి గొడవ ఎంత జరిగినా మాకు అభ్యంతరం లేదు.

1971లో న్యూయార్క్ రాష్ట్రంలోనే నార్విచ్ ఊరి జైలు నేలమాళిగలో 1826 నాటి ఒక జడ్జి బిల్లు వాల్టర్స్‌కు దొరికింది. 'గ్లాస్ లుకర్' జోసెఫ్ స్మిత్ కేసు, ఖర్చు 2 డాలర్ల 68 సెంట్లు. అంటే రాయిలో చూసి గుప్తనిధులు చెప్పేవాడని, మన దగ్గర అంజనం వేసి చూసేవాళ్ల లాంటి పని.

ఇక్కడే మాకు ఆయనతో పేచీ. కాగితాలు తడిసి పాడవుతున్నాయని, కౌంటీ (మన జిల్లా లాంటిది) అధికారులను అడగకుండానే పట్టుకెళ్లి యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో పెట్టాడు. తర్వాత అవి వెనక్కి వచ్చాయి సరే, కానీ ఎదుటి పక్షం మనిషి చేతుల్లో తిరిగొచ్చిన కాగితాన్ని ఎందుకు నమ్మాలని అడిగే అవకాశం తనే ఇచ్చాడు, బంగారం లాంటి ఆధారం దొరికాక అంత తొందర దేనికి?

ఇప్పుడు మార్మన్ సంఘమే నడిపే జోసెఫ్ స్మిత్ పత్రాల ప్రాజెక్టులో ఆ కేసు వివరాలున్నాయి. శిక్ష పడిందా, వదిలేశారా అన్న వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.