బంతి ఎవరికి తగిలింది?

ఈ డిసెంబరుకి కూడా తేలేలా లేదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప టచ్‌డౌన్ ఏది? 1933లో పుట్టి, ఆరు సూపర్ బౌల్స్, అంటే అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్స్, గెలిచిన జట్టు. అది చేసిన టచ్‌డౌన్లలోంచి ఒక్కదాన్ని ఎంచి పీట మీద కూర్చోబెట్టేదాకా ఈ ఊరికి అన్నం సహించదు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో దర్శనం చేసుకుని పులిహోర ముందు కూర్చున్నా ఈ చర్చ మనల్ని వదలదు.

అమెరికా ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఎక్కువగా చేతులతోనే ఆడే ఈ ఆటలో బంతిని అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఇంతకుమించి తెలియకపోయినా చర్చలో దిగడానికి అడ్డేమీ లేదు. చాలామంది అలాగే దిగారు.

మొదటి అభ్యర్థి గురించి మీరు ఇప్పటికే వినివినీ విసిగిపోయి ఉంటారు. 1972 డిసెంబరు 23, త్రీ రివర్స్ స్టేడియం. ఓక్‌లాండ్ రైడర్స్ 7-6తో ముందున్నారు. ఆట ముగియడానికి 22 సెకన్లుంది. స్టీలర్స్‌కి బంతి విసిరే బ్రాడ్‌షా దాన్ని తన జట్టువాడే అయిన ఫ్రెంచీ ఫుక్వా వైపు విసిరాడు. అదే క్షణంలో రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ వచ్చి ఫుక్వాని గుద్దాడు. బంతి ఎవరికో తగిలి వెనక్కి ఎగిరింది. స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హారిస్ దాన్ని నేల తాకబోతుండగా అందుకుని గీత దాకా పరిగెత్తాడు. స్టీలర్స్ 13-7తో గెలిచారు. ఎవరికో అన్నాను చూశారా, గొడవంతా అక్కడే ఉంది. ఒక ఆటగాడికి తగిలిన బంతిని, మధ్యలో ప్రత్యర్థికి తగలకుండా, అదే జట్టువాడు పట్టుకోకూడదని అప్పటి రూలు. టేటమ్‌కి తగిలితే టచ్‌డౌన్, ఫుక్వాకి తగిలితే శూన్యం. ఫుక్వా తనకి నిజం తెలుసంటాడు, చెప్పనంటాడు.

ఇందులో ఇంకో గొప్పతనం ఉంది. టికెట్లన్నీ అమ్ముడుపోయినా సొంత ఊళ్లో టీవీలో చూపించకూడదన్నది అప్పటి నిబంధన కాబట్టి పిట్స్‌బర్గ్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్లెవరూ దీన్ని చూడలేదు. జట్టు యజమాని ఆర్ట్ రూనీ కూడా చూడలేదు. ఓడిపోయామనుకుని కుర్రాళ్లని ఓదార్చడానికి లిఫ్టులో కిందికి దిగుతున్నాడాయన. ఉన్న ఫిల్ములో కూడా బంతి ఎవరికి తగిలిందో తేలదు. ఇంతమంది చూడలేదు కాబట్టే ఇప్పుడు అందరూ చూశారు. స్టేడియంలో పట్టింది 50 వేలమందే. నాకు తెలిసిన ఒక బాబాయ్ 1972లో నరసరావుపేటలో పలక పట్టుకుని బడికి వెళ్తుండేవాడు, పిట్స్‌బర్గ్ వచ్చింది 1998లో. ఆయన కూడా "ఆ రోజు చలి ఎలా ఉందనుకున్నావు అబ్బాయ్!" అంటాడు.

మొన్న క్రాన్‌బెర్రీ వైపు ఒక గృహప్రవేశానికి వెళ్తే ఈ బాబాయే అక్కడా ఉన్నాడు. ఎవరో పాపం, అమాయకుడు, "ఫ్రాంకో క్యాచ్ నిజమేనంటారా?" అని అడిగాడు. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా పూజ పళ్లెంలోంచి కొబ్బరికాయ తీసుకున్నాడు. పట్టుపంచెలో ఉన్న ఇంటివాళ్ల బావమరిదిని ఫుక్వాగా నియమించారు. ఒక గుండె డాక్టరు తనంతట తానే టేటమ్ అయ్యాడు. చెప్పుల కుప్ప దగ్గర ఫోన్ చూసుకుంటున్న పదో తరగతి కుర్రాడు ఫ్రాంకో. బాబాయ్ విసిరాడు. డాక్టరు సోఫా మీదుగా వచ్చి పడ్డాడు. కొబ్బరికాయ ఎక్కడో తగిలి ఎగిరింది. కుర్రాడు దాన్ని పాదాల దగ్గర అందుకుని, భోజనాల బల్లలు దాటి, గరాజ్‌లోంచి వీధిలోకి పరిగెత్తాడు. ఈలోగా వంటింట్లో పాలు పొంగాయి. అంత శుభం జరిగితే, రూనీగారిలాగే, ఒక్కరూ చూడలేదు.

ఇక విచారణ. కొబ్బరికాయ బావమరిది భుజానికి తగిలిందా, డాక్టరు మోచేతికి తగిలిందా? నాలుగు ఫోన్లలో వీడియోలున్నాయి. నాలుగింటిలోనూ ఇంటావిడ చీరకొంగు అడ్డొచ్చింది. "ముహూర్తం దాటిపోతోంది నాయనా" అన్నారు పంతులుగారు. "మీరు గీత దగ్గరే నిలబడ్డారు కదా పంతులుగారూ, మీరే చెప్పండి" అన్నాడు బాబాయ్. పంతులుగారు ఉత్తరీయం సర్దుకుని, "నా మటుకు జేమ్స్ హారిసన్‌దే గొప్పది" అన్నారు.

ఇంకేముంది. 2009 ఫిబ్రవరి 1, అరిజోనాతో సూపర్ బౌల్. ప్రత్యర్థులు గీతకి గజం దూరంలో ఉండగా హారిసన్ బంతి లాక్కుని 100 గజాలు పరిగెత్తి, గీత దాటాక లేవలేక వెల్లకిలా పడుకున్నాడు. కాదు, అదే ఆటలో 35 సెకన్లుండగా కాలివేళ్ల మీద నిలబడి శాంటోనియో హోమ్స్ పట్టినదే గొప్పదని అల్లుళ్లు. ఆ హోమ్స్‌ని మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఐదో రౌండ్ అవకాశం కోసం ఇంకో జట్టుకి ఇచ్చేశారు. 1972 జట్టు ఆ అద్భుతం తర్వాత వారానికే మయామీ చేతిలో 21-17తో ఇంటికి పోయింది. ఈ రెండు సంగతులూ ఎవరికీ గుర్తులేవు.

ఉండబట్టలేక నేను మైక్ వెబ్‌స్టర్ పేరెత్తాను. "ఆయన టచ్‌డౌన్లు చేసేవాడు కాదు కదా!" అన్నాడు బాబాయ్.

అవును బాబాయ్, చేసేవాడు కాదు. ఆయన సెంటర్. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణం అవతలివాడికి తల అడ్డం పెట్టడం ఆయన పని. స్టీలర్స్‌కే 15 సీజన్లు ఆ పని చేశాడు. నాలుగు సూపర్ బౌల్ ఉంగరాలు. 1980 జనవరి సూపర్ బౌల్‌లో స్టీలర్స్ ఆటగాడు స్టాల్‌వర్త్ 73 గజాల టచ్‌డౌన్ అని మురిసిపోతారే, ఆ బంతి మొదట బయల్దేరింది వెబ్‌స్టర్ చేతుల్లోంచే. రిటైరయ్యాక మతి చెదిరింది. ట్రక్కులో పడుకున్నాడు, రైల్వేస్టేషన్లో పడుకున్నాడు. 2002లో, 50 ఏళ్లకే పోయాడు. ఆయన మెదడులో ఏం జరిగిందో ఇదే ఊళ్లో బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు కనిపెట్టి 2005లో అచ్చువేస్తే, ఆ వ్యాసం వెనక్కి తీసుకోవాలని లీగ్ కమిటీ డాక్టర్లు ఉత్తరం రాశారు! ఇక ఆ టేటమే 1978లో ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో డారిల్ స్టింగ్లీని గుద్దితే అతను బతికినన్నాళ్లూ చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. ఆ దెబ్బకి పెనాల్టీ కూడా లేదు. బంతి ఎవరికి తగిలిందని 50 ఏళ్లకి పైగా ఫిల్ముని ఫ్రేము ఫ్రేమూ ఆపి చూస్తున్నారే, దెబ్బ ఎవరికి తగిలిందో చూడటానికి ఒక్కసారి ఆపారా? సిగ్గుండాలి.

ఇదంతా నేను పైకే అన్నాను. హాలు నిశ్శబ్దమైంది. తర్వాత డాక్టరుగారు గొంతు సవరించుకుని, అలాగైతే స్టాల్‌వర్త్ టచ్‌డౌన్‌ని కూడా జాబితాలో చేర్చాలని ప్రతిపాదించారు. బావమరిది బలపరిచాడు.

వచ్చే నెల ఇంకో గృహప్రవేశం ఉంది. కొబ్బరికాయలు రెండు తెమ్మని పంతులుగారు ముందే చెప్పారు.