నురగ సీలింగెక్కితే...

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ చట్టం 1978లో ఒప్పుకుంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అమ్మకూడదు. అందులో సీలింగుకి ఎంత పూయవచ్చో మాత్రం రాయలేదు.

గండం పొయ్యి దగ్గరే మొదలవుతుంది. పాలు పొంగితే శుభమని నమ్మి పెరిగిన మనవాడు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసం పొంగుతుంటే గృహప్రవేశంలో లాగా చూస్తూ నిలబడతాడు. పొంగేది పాకం, బర్నర్‌కి అంటుకుని మాడిందంటే ఆదివారమంతా గోకుడే. మరుగు పట్టబోతూ ఒకసారి, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) పడగానే ఇంకోసారి పొంగుతుంది. మంట తగ్గించి, హాప్స్ కొద్దికొద్దిగా వేయాలి.

ఇక ఈస్ట్, అంటే ఆ రసాన్ని పులియబెట్టి బీరు చేసే సూక్ష్మజీవి. ఇడ్లీపిండి పొంగితే గట్టు తుడుచుకుంటే సరి. బీరుకి అంత మొహమాటం లేదు. 20 డిగ్రీలకు చల్లార్చి వేయాల్సిన ఈస్ట్‌ని ఆత్రంకొద్దీ 30 దగ్గరే వేసి, బకెట్ అంచుదాకా నింపి, చీకటిగా ఉంటుందని బట్టల అల్మారాలో దాస్తాడు. రాత్రికి నురగ ఎగబాకి, హాప్స్ తుక్కు ఎయిర్‌లాక్‌లో (గ్యాసుని బయటికి పోనిచ్చి, గాలిని లోపలికి రానివ్వని మూత మీది గొట్టంలో) ఇరుక్కుని, గ్యాసుకు దారి మూసుకుపోతుంది.

"ఏవండీ, అల్మారాలో ఎవరో ఉన్నారు!"

ఎవరూ లేరు. మూత పై అరలో, పచ్చటి తుక్కు పెళ్లిపట్టుచీర మీద. 19 లీటర్లకు 25 లీటర్ల బకెట్ పెట్టుకుని, మొదటి రెండు మూడు రోజులు ఎయిర్‌లాక్ తీసేసి, బొటనవేలంత లావు గొట్టం బిగించి, రెండో కొస శానిటైజర్ నీళ్ల జాడీలో ముంచితే చీర దక్కేది.

అసలు బాంబులు సీసాలు. బుడగలు ఆగాయి కదా అని నింపేస్తాడు. మూత వదులైనా బుడగలు ఆగుతాయి, నమ్మాల్సింది బీరు సాంద్రతని, అంటే ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చూపే హైడ్రోమీటర్‌ని. 1.050తో మొదలైన బీరు ఏ 1.012 దగ్గరో దిగి, మూడు రోజులు కదలకుండా నిలవాలి. 1.020 దగ్గరే సీసాకెక్కిస్తే ఈస్ట్ మిగతా భోజనం లోపలే కానిస్తుంది. దాని మీద, సీసాలో గ్యాసు పుట్టాలని మనవాడు ఆప్యాయంగా సీసాకో గోపురం చెంచా పంచదార! 50 సీసాలకు కలిపి 120 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ చక్కెర) చాలు, నీళ్లలో మరిగించి బీరంతటికీ ఒకేసారి కలపాలి.

ఒకటి పేలిందా, మిగతావాటిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు తొడుక్కుని, మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోయాలి. చలికి ఈస్ట్ నిద్రపోతుంది. రెండ్రోజులయ్యాక సింకులో పెట్టి, గుడ్డ కప్పి, మూత మెల్లగా వదులు చేస్తే గ్లాసులోకి వచ్చేది రెండు గుక్కలు. తమాషా ఏమిటంటే, ఆ రెండు గుక్కలూ బాగానే ఉంటాయి.