సార్ జీవితం అంటే ర్యాంకుల లిస్టేనా?

బెంగళూరు జయనగర్‌లో మా ఫిజిక్స్ సార్ రిటైర్మెంట్ సన్మానం నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

శాలువా, దండ, మైసూర్ పాక్ అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత మేనేజ్‌మెంట్ పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని ర్యాంకుల లిస్టు చదవడం మొదలెట్టాడు. ఐఐటీ ఇంతమంది, సీఈటీ ఇంతమంది, సార్ అంటేనే రిజల్ట్స్ అట. అందులో ఒకడు సార్ క్లాసు గుమ్మం తొక్కిన పాపాన పోలేదు, వాడు కోచింగ్ బ్యాచ్. పోనీలెండి.

సార్ చేసిన పని ఏంటో నేను చెప్తాను. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. అన్నిటికన్నా పైన ఉన్న ఆ క్షణంలో త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? ఎత్తు ఎంతో ఫార్ములా వేసి టకటకా కట్టేసే పిల్లలే దీనికి సున్నా అని పెడతారు. సున్నా అయ్యేది వేగం నాయనా! త్వరణం కూడా సున్నా అయితే బంతి కిందికి రాకుండా అక్కడే వేలాడాలి కదా. సార్ ఆ సున్నాకి ఇంటూ కొట్టి ఊరుకునేవారు కాదు. పెట్టినవాణ్ణి పిలిచి, "ఎందుకనుకున్నావురా?" అని అడిగి, వాడు చెప్పిన మాటల్నే వచ్చే ఏడు పేపర్లో ఒక ఆప్షన్‌గా దించేవారు.

అమెరికాలో హెస్టెనెస్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ వాళ్ళు ఇలాంటి ప్రశ్నలతోనే 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని, బలం, చలనం పిల్లలకి నిజంగా అర్థమయ్యాయా అని తేల్చే పరీక్ష ఒకటి అచ్చేశారు. లెక్కలుండవు, అన్నీ ఆప్షన్లే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే మజూర్ దానికి ముందు వాళ్ళే తయారుచేసిన అలాంటి పరీక్షని తన పిల్లలకిచ్చి, కంగుతిని, పాఠం చెప్పే తీరే మార్చుకున్నాడు. అక్కడ అది రీసెర్చ్. ఇక్కడేమో "సార్, పేపర్ కొంచెం ఈజీగా, పేరెంట్స్ గోల చేస్తున్నారు."

ఇదే ఊళ్ళో బసవనగుడి నేషనల్ కాలేజీలో హెచ్. నరసింహయ్య గారు ఫిజిక్సే చెప్పారు. ఓహియో స్టేట్‌లో పీహెచ్‌డీ చేసొచ్చి హాస్టల్ గదిలో బతికిన మనిషి. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టారు, బెంగళూరు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఇప్పుడుంటే ఆయన్నీ ఎన్ని ర్యాంకులు తెచ్చారని అడిగేవాళ్ళే!

ఇంతకీ ఆ మైకాయన ఎవరనుకున్నారు? నా ప్రమోషన్ ఇంటర్వ్యూలో మధ్య కుర్చీ ఆయనదే. ఘర్షణ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేస్తారో రాసిన నా రీసెర్చ్ పేపర్ మీద సార్ ఆదివారాలు కూడా ఫోన్లో కూర్చుని ఒక్కో ప్రశ్న దిద్దించారు. ఈయన పేజీ కూడా తిప్పలేదు. "ఇది బీఎడ్ వాళ్ళ పనమ్మా, ఫిజిక్స్ రీసెర్చ్ ఎక్కడుంది?" అన్నాడు.

ఆ పోస్టు థిన్ ఫిల్మ్స్ (పదార్థాల పల్చటి పొరలు) మీద రీసెర్చ్ చేసే ఆయనకి వెళ్ళింది. మొన్న ఆయన సెట్ చేసిన పేపర్ చూశాను. కిందటేడు లెక్కే, సెకనుకి 20 మీటర్లు తీసేసి 25 పెట్టాడు. రీసెర్చర్ కదా మరి!