సెన్సార్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్ సంగతి

వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సెన్సార్ వాళ్లు డబ్బు తీసుకుని బూతు సినిమాలు వదిలేస్తున్నారట, ‘ఎ’ సర్టిఫికెట్లే దానికి సాక్ష్యమట, పాత సినిమాలు ఎంతో పద్ధతిగా ఉండేవట, టీవీకీ ఓటీటీకీ అసలు ఏ కట్టడీ లేదట, వాటికీ సెన్సార్ పెట్టాలట, కుదరకపోతే రాష్ట్ర ప్రభుత్వాలే సినిమాలు నిషేధించాలట. చదవగానే తలూపాలనిపిస్తుంది, అందుకే ఇంతగా తిరుగుతోంది.

డబ్బు మాట మొత్తం అబద్ధమని నేననను. 2014లో సెన్సార్ బోర్డు సీఈవోనే సీబీఐ అరెస్టు చేసింది. కానీ అక్కడి ఆరోపణ సర్టిఫికెట్ తొందరగా ఇవ్వడానికి లంచం అడిగారని, బూతు వదిలేయడానికని కాదు. సరే, బోర్డు అంత అవినీతిదే అనుకుందాం, మరి టీవీనీ ఓటీటీనీ తీసుకెళ్లి అదే బోర్డు చేతిలో పెట్టమంటారేంటండీ?

‘ఎ’ అంటే బూతు అని ఎవరు చెప్పారో! 18 నిండినవాళ్లకు మాత్రమే అని, అంతే. 2023లో ‘సలార్’కి ‘ఎ’ వచ్చింది, అందులో బూతేముంది, నరుకుడు తప్ప? అసలు లోపం బోర్డు దగ్గర కాదు, థియేటర్ గేటు దగ్గర. ‘ఎ’ సినిమాను మైనర్లకు చూపించడం సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం నేరం. కానీ టికెట్ చింపే అబ్బాయి వయసు అడిగితే పిల్లాణ్ణి చంకనేసుకొచ్చిన నాన్నగారే ముందు గొడవకు దిగుతారు. ఆయనే ఇంటికెళ్లి ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తారని నా అనుమానం. 2023లో చట్టం మార్చి యూఏని, అంటే పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాల సర్టిఫికెట్‌ని, 7+, 13+, 16+ అని విడగొట్టారు కూడా, పోస్టర్ మీద అది చూసి టికెట్ కొనేవాళ్లెందరు?

ఇక పాత సినిమాల పద్ధతి. హీరోయిన్ నడుము మీద పళ్లూ పూలూ కురిపించిన పాటలు ఏ కాలంవి? విలన్ మానభంగం సీను లేకపోతే కథే నడవదన్నట్టు తీసిన సినిమాలు? అవన్నీ ఇంటిల్లిపాదీ కలిసి చూసినవే.

రాష్ట్రమే నిషేధించాలంటారా, అదీ చేసి చూశారు. 2006లో బోర్డు ‘ఎ’ ఇచ్చిన ‘ది డావిన్సీ కోడ్’ను అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపింది, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. గొడవలవుతాయన్న భయంతో సర్టిఫికెట్ వచ్చిన సినిమాను ఆపడం కుదరదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

టీవీ, ఓటీటీ విషయంలో మాత్రం మెసేజ్ రాసినాయన సగం తెలుసుకుని మాట్లాడాడు. ‘ఎ’ సినిమా టీవీలో రావాలంటే మళ్లీ కోసి, అందరూ చూడొచ్చనే యూ గానీ యూఏ గానీ తెచ్చుకోవాల్సిందే. సీరియళ్లకు ముందస్తు సెన్సార్ లేని మాట నిజం, వాటికి కేబుల్ టీవీ చట్టం కింద ప్రోగ్రామ్ కోడ్, అంటే ఏం చూపించకూడదో చెప్పే నియమావళి, ఉంది. పెట్టాలన్నా ఎలా పెడతారు? పొద్దున షూట్ చేసి రాత్రికి వేసే ఎపిసోడ్లూ ఉంటాయి, రోజుకు ఇన్ని ఛానళ్లలో ఇన్ని గంటలు, చూసేవాళ్లెవరు? పైగా సెన్సార్ వస్తే పోయేది ముద్దు సీను, కోడలి పాలలో విషం కలిపే అత్తగారు అలాగే ఉంటుంది, నాకు అభ్యంతరం ఆవిడ మీదే.

ఓటీటీకి 2021 ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ (ఐటీ) నిబంధనలున్నాయి. వయసు రేటింగ్ వేయాలి, 13+ నుంచి పైవాటికి లాక్ సౌకర్యం ఇవ్వాలి, ఫిర్యాదు వస్తే 15 రోజుల్లో తేల్చాలి. మరీ శ్రుతి మించిందని 2024 మార్చిలో కేంద్రం 18 ఓటీటీలను బ్లాక్ చేసింది కూడా. ఇవి చాలవంటే వాదించుకుందాం, కానీ అసలు ఏ కట్టడీ లేదని రాయడం తప్పు. ఆ లాక్ సెట్టింగుల్లో, పేరెంటల్ కంట్రోల్ కింద ఉంటుంది. పిన్ మాత్రం పిల్లల పుట్టినరోజు పెట్టకండి.