ఒకటో తరగతికే ర్యాంకులా?

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు ముగిసిన వారం పది రోజులకు విశాఖ నగరంలో కొన్ని ప్రైవేట్ బడుల క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో మార్కుల షీట్ వచ్చి పడుతుంది. పిల్లలందరి పేర్లు, ఎదురుగా మార్కులు, చివరి గడిలో ర్యాంకు. తక్కువ వచ్చిన పేర్లకు ఎర్ర రంగు. ఆ పిల్లల వయసు ఆరేళ్లు, ఏడేళ్లు! నిమిషం తిరక్కుండా పై వరుసకు చప్పట్ల బొమ్మలు మొదలవుతాయి. కింది వరుసలో పేరున్న పిల్లాడిని ఆ రాత్రి ఇంట్లో నిలబెట్టి, ‘ఫలానా వాడికి ఫుల్ మార్కులు వచ్చాయి కదా, నీకేమైంది?’ అని నిలదీస్తారు. వాడి దగ్గర జవాబు ఉండదు. అడిగేవాళ్లకూ తెలియదు.

ఈ జబ్బు ఎక్కడికి దారి తీస్తుందో విశాఖకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని 2023 జూలైలో ప్రాణాలు కోల్పోయింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. సాధ్యమైనంత వరకు మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, శక్తికి మించిన టార్గెట్లు పెట్టకూడదు అని అందులో ఉంది. పిల్లల మీద ఒత్తిడి పెట్టొద్దని తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలని ఉంది. ఈ చివరి మాట గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మాట్లాడితే వేలు మన ఇంటి వైపే చూపించాలి.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనం కార్పొరేట్ కాలేజీలను తిట్టిపోస్తాం. తిట్టాల్సిందే. కానీ అక్కకు ఎన్ని, తమ్ముడికి ఎన్ని, పక్క ఫ్లాట్ పాపకు ఎన్ని అని అన్నం దగ్గర వరుస కట్టేది ఎవరు? పిల్లల్ని మార్కుల ప్రకారం విడగొట్టడం కాలేజీ చేస్తే వేధింపు, అమ్మానాన్నలు చేస్తే పెంపకం! గురివింద గింజ తన నలుపెరగదన్నట్టుంది ఈ వ్యవహారం.

ఇది పోటీ ప్రపంచం, మనవాడు ఎక్కడున్నాడో తెలుసుకోవద్దా అని అడిగేవాళ్లున్నారు. తెలుసుకోవాలి, కాదనడం లేదు. అయితే ఆ సంగతి చెప్పాల్సింది టీచరు. పక్కవాడి మార్కులు చెప్పలేవు.

ఎందుకంటే ఒకటో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. నలభై ఏళ్లవాళ్లకు ఏడాది లెక్కలోకి రాదు. ఆరేళ్ల పాపకు అది తన బతుకులో ఆరో వంతు. పెన్సిల్ పట్టు కుదరడం, గుణింతాలు నోటికి రావడం, వత్తు సరైన చోట పడడం, ఇవన్నీ ఆ కొద్ది నెలల్లోనే ఒకరికి ముందూ ఒకరికి వెనకా జరుగుతాయి. సీతమ్మధారలో ఇంట్లో ఇంగ్లిష్ వింటూ పెరిగిన పిల్లాడికీ, ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఇంటి నుంచి వచ్చి ఆ భాషను మొదటిసారి క్లాసులోనే విన్న పిల్లకూ ఒకే ఇంగ్లిష్ డిక్టేషన్ పెట్టి, మార్కులు పక్కపక్కన వేసి ఏం తేలుస్తారు? బి, డి అక్షరాలు తారుమారు చేసి రాయడం ఆ వయసులో మామూలే. రెండు మూడు తరగతులకు వచ్చినా అది పోకుండా, చదవడానికే పిల్లాడు ఇబ్బంది పడుతుంటే డాక్టరుకు చూపించాలి. నేర్చుకోవడంలో వచ్చే అలాంటి ప్రత్యేక ఇబ్బందిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. వీడికి కావాల్సింది ఇంకాస్త సమయమా, డాక్టరా అన్నది ర్యాంకు గడిలో కనిపించదు. వీడు వెనకబడ్డాడన్న ముద్ర మాత్రం తరగతి తల్లిదండ్రులందరికీ కనిపిస్తుంది.

చట్టాలు లేక కాదు ఈ గోల. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా బోధన, మూల్యాంకనం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ చెబుతోంది. మానసిక వేధింపు కూడదని 17వ సెక్షన్ చెబుతోంది. ఒక్కో విద్యార్థి ప్రగతిని, ప్రత్యేకతను చూపించే హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. పదో తరగతి ర్యాంకులతో బడులు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2022లోనే నిషేధించింది. పదో తరగతి వాళ్లకు కూడదన్నది ఒకటో తరగతి వాళ్లకు ఎలా కూడింది?

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి, తల్లిదండ్రుల చేతికి ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. మంచి పని. కానీ ఏ బడి మీటింగైనా చూడండి, కార్డు అందుకుని మెట్లు దిగేలోపే ‘మీవాడికెంత?’ మొదలవుతుంది. టీచరు చెప్పింది అక్కడే మరిచిపోతారు.

జిల్లా విద్యాశాఖ ముందు చేయాల్సింది ఒకటుంది. ప్రాథమిక తరగతుల మార్కులను, ర్యాంకులను గ్రూపుల్లోనూ నోటీసు బోర్డుల్లోనూ పెట్టకూడదని అన్ని యాజమాన్యాలకూ ఉత్తర్వు ఇవ్వాలి. ఎవరి కార్డు వాళ్ల తల్లిదండ్రులకే చేరాలి. ‘పేరెంట్సే అడుగుతున్నారండీ’ అని యాజమాన్యాలు తప్పించుకోవడం కుదరదు. అయినా అందులో అబద్ధం లేదు, అడుగుతున్నది తల్లిదండ్రులే. షీట్ ఆలస్యమైతే టీచరుకు రాత్రి పది గంటలకు మెసేజ్ పెట్టేదీ వాళ్లే.

ఆ మెసేజ్ పెట్టేవాళ్ల ఆఫీసు అప్రైజల్ రేటింగు, ఇంక్రిమెంటు, పక్క సీటు ఉద్యోగి రేటింగుతో కలిపి ఎవరైనా వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే ఊరుకుంటారా? హెచ్‌ఆర్ మీద విరుచుకుపడరూ? తమ పరువుకు అంత కాపలా కాసుకునే పెద్దలు ఆరేళ్ల పిల్లాడి పేరును ఎర్ర గడిలో చూసి చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. వాళ్లు రేపు ఇంటర్ ఫలితాల రోజు టీవీ ముందు కూర్చుని కాలేజీలు పిల్లల్ని చంపుకుతింటున్నాయని వాపోవద్దు.